ఇంట్లోనే చదువు, ఆటిజం: కూర్చుంటాను గానీ మొదలవ్వదు

ఖాళీపేజీ
ఇంకెవరికైనా ఇలా అవుతుందా చెప్పండి. డిగ్రీ రెండో ఏడాది, మొత్తం ఇంటి నుంచే, క్లాసులన్నీ రికార్డింగులు. ఆటిజం అని తేలింది ఈ మధ్యే. సబ్జెక్ట్ అర్థం కాకపోవడం కాదు నా బాధ. పొద్దున్నే బల్ల ముందు కూర్చుంటాను, ల్యాప్‌టాప్ తెరిచే ఉంటుంది, ఏం చెయ్యాలో తెలుసు, చెయ్యాలనీ ఉంటుంది, చెయ్యి మాత్రం కదలదు. అలా స్క్రీన్ వైపు చూస్తూనే పూట గడిచిపోతుంది. ఫోన్ కూడా ముట్టుకోను, నిజంగా. ఎలాగో మొదలైందా, ఇక ఆపలేను, దాహం వేస్తోందని కూడా తెలీదు. సరిగ్గా అప్పుడే తలుపు తీసి "ఒక్క నిమిషం ఇటు రా" అంటారు. ఆ ఒక్క నిమిషంతో ఆ రోజు చదువు అయిపోయినట్టే. పైగా "ఇంట్లోనేగా ఉంటున్నావు, నీకేం కష్టం" అని రోజూ వినాలి. టైమర్ పెట్టుకో అని ప్రతివాళ్లూ చెప్తారు. టైమర్ మోగితే గుండె ఆగినంత పనవుతుంది నాకు. అది తప్ప ఇంకేమైనా ఉందా?

గుడ్లగూబ
నా గదిలో కెమెరా పెట్టావా ఏంటి, అచ్చం నా కథే

లెక్కల_మాస్టారు
ఏమీ అనుకోవద్దు గానీ ఇది అందరికీ ఉండేదే. చదవాలంటే ఎవరికి మాత్రం బుద్ధి పుడుతుంది? టైమ్ టేబుల్ రాసుకుని గోడకి అంటించి, ఫోన్ వేరే గదిలో పెట్టేసి, ఒక నెల గట్టిగా కూర్చుంటే అదే అలవాటవుతుంది. ప్రతిదానికీ ఒక పేరు పెట్టుకోవడం ఈ మధ్య ఎక్కువైంది.

మూడోబెంచి
మాస్టారూ, ఫోన్ ముట్టుకోనని పాపం మొదటి పోస్ట్‌లోనే రాశారు. చదవకుండానే జవాబు రాస్తే మీరు మార్కులు వేస్తారా?

రైలుపట్టాలు
నేనైతే గూడ్స్ బండిని. కదలడానికి అరగంట, ఆగడానికి మూడు స్టేషన్లు. మధ్యలో ఎవరైనా చైన్ లాగితే ఇక ఆ రోజు పట్టాల మీదే పడకంటే పడకే.

థెరపీగది
నేను ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని. లెక్కల_మాస్టారు గారు, బద్ధకమైతే ఆ టైమ్‌లో ఇంకేదో నచ్చింది చేస్తారు. ఖాళీపేజీ చెప్పేది అది కాదు, చదువూ లేదు, ఇంకోటీ లేదు, అలా ఇరుక్కుపోవడం. ఆటిజం ఉన్నవాళ్లు దీన్ని ఇనర్షియా అని చాలాకాలంగా అంటున్నారు. 2021లో కారెన్ బకల్, ఆమె సహచరులు ఆటిజం ఉన్న పెద్దవాళ్లతో కూర్చుని మాట్లాడి దీని మీద ఒక పరిశోధన వ్యాసం వేశారు. అందులోనూ ఇదే, చెయ్యాలని ఉంటుంది, తమంతట తాము మొదలుపెట్టలేరు, పక్కన ఒక మనిషి ఉన్నా, ఎవరైనా చిన్నగా కదిపినా పని మొదలైపోతుంది. కాబట్టి "ఇంకా గట్టిగా కూర్చో" అనే సలహా ఇక్కడ పనికిరాదు, వాళ్లు కూర్చునే ఉన్నారు కదా.

నేను ఎక్కువగా చెప్పే చిట్కా ఒకటుంది. చదువు ఆపేటప్పుడు పూర్తయిన చోట ఆపొద్దు. వాక్యం సగంలో ఆపండి, లెక్క అయితే రెండో స్టెప్ దగ్గర. పక్కన ఒక చీటీ మీద మర్నాడు చెయ్యాల్సిన మొట్టమొదటి కదలిక ఒక్కటే రాసి పెట్టండి. "మూడో యూనిట్ చదవాలి" అని కాదు. "47వ పేజీ తెరిచి పై బొమ్మని నోట్స్‌లో గీయాలి", అంత చిన్నది. చేతికి పని చెప్పాలి, బుర్రకి కాదు.

ఖాళీపేజీ
చీటీ సంగతి బాగుంది. సగంలో ఆపడం మాత్రం... సగం వాక్యం అక్కడ ఉందని తెలిస్తే రాత్రి నిద్ర పట్టదు నాకు.

థెరపీగది
అలాంటివాళ్లూ ఉంటారు, అయితే అది వదిలెయ్యండి. వాక్యం పూర్తి చేసి కింద తర్వాతి హెడ్డింగ్ ఒక్కటి రాసి ఆపండి. పేజీ ఖాళీగా లేకపోతే చాలు.

నీలం_పెన్ను
నాకు ముప్పై దాటాక తేలింది, ఇప్పుడు ఉద్యోగం చేస్తూ ఇంటి నుంచే పీజీ. ఒకటి అడుగుతాను ఖాళీపేజీ, మీ గది ఎలా ఉంటుంది? ఎందుకంటే నేను ఏళ్ల తరబడి నా బుర్రనే తిట్టుకున్నాను, తీరా చూస్తే సగం గొడవ గదిది. నా బల్ల మీద పాత ట్యూబ్‌లైట్ ఉండేది. పాత చోక్ ఉన్న ట్యూబులు కరెంట్ ఫ్రీక్వెన్సీకి రెట్టింపు వేగంతో, అంటే సెకనుకి 100 సార్లో 120 సార్లో మినుకుమంటాయి. మామూలుగా కంటికి తెలీదు, నాకు మాత్రం గంటకల్లా కణతల దగ్గర నొప్పి మొదలయ్యేది, నేనేమో సబ్జెక్ట్ మీద విసుగు అనుకునేదాన్ని. టేబుల్ ల్యాంప్ పెట్టుకుని గోడ వైపు తిప్పాను, వెలుగు గోడ మీద పడి వస్తుంది. అలాగని ఎల్ఈడీలన్నీ మంచివేం కాదు, చవకరకం డిమ్మర్ ఉన్నవి కూడా మినుకుతాయి. అనుమానం ఉంటే ఫోన్ కెమెరాలో స్లో మోషన్ పెట్టి చూడండి, చారలు కదులుతూ కనిపిస్తాయి.

తర్వాత చొక్కా మెడ వెనక ట్యాగ్. నవ్వకండి. ట్యాగ్ కత్తిరించాక కూడా అక్కడ గరుకుగా మిగిలే కుట్టు ఉంటుంది చూశారా, దాన్ని పిన్నుతో ఒక్కో దారం లాగి విప్పేసుకున్న బట్టలు రెండు జతలున్నాయి, చదువుకి అవే. కుర్చీ ఎత్తు, కాళ్లు నేలకి ఆనడం, పక్క గదిలో ఎవరో గోళ్లు కత్తిరించుకుంటున్న చప్పుడు, ఇవన్నీ కలిపి ఒక్కసారే వస్తాయి మనకి. కొత్తగా పుట్టించిన గొడవేం కాదిది, 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5లోనే (అమెరికా మానసిక వైద్యుల సంఘం వేసే రోగనిర్ధారణ పుస్తకం) శబ్దం, వెలుగు, స్పర్శ లాంటి వాటికి అతిగానో తక్కువగానో స్పందించడాన్ని ఆటిజం లక్షణాల్లో చేర్చారు. అంతకుముందు ఆ లక్షణాల జాబితాలో లేదు, మన ఒంట్లో మాత్రం ఉంది.

గుడ్లగూబ
నీలం_పెన్ను అక్కా, గోళ్లు కత్తిరించే చప్పుడు అని చదివేసరికే నాకు ఒళ్లు జలదరించింది, హెచ్చరిక పెట్టాల్సింది

ఖాళీపేజీ
గది రోడ్డు వైపు. శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్స్ కొన్నాను, ఫ్యాన్ మోత పోయింది గానీ హాల్లో మాటలు ఇంకా స్పష్టంగా వినిపిస్తున్నాయి. డబ్బులు దండగ అనిపించింది.

మూడోబెంచి
అవి పనిచేసే తీరే అంత. ఫ్యాన్, ఇంజన్ లాంటి ఒకే రకం మోతని బాగా కోస్తాయి, మనుషుల మాటలు అంతగా కొయ్యలేవు. లోపల మెత్తటి ఇయర్‌ప్లగ్స్, పైన హెడ్‌ఫోన్స్, అందులో సన్నగా వర్షం చప్పుడు లాంటిది పెట్టి చూడు. మాటలు వినిపించినా పదాలుగా విడిపోవు. వాల్యూమ్ మాత్రం పెంచుకుంటూ పోకు.

గుడ్లగూబ
నాకు హెడ్‌ఫోన్స్ వల్ల చెవుల చుట్టూ నొక్కుడు, అదింకో నరకం. అందుకే రాత్రుళ్లు చదువుతాను, అందరూ పడుకున్నాక. ఇల్లు ఒక్కటే, రాత్రి మాత్రం వేరే ఇల్లు. కాకపోతే పొద్దున లైవ్ క్లాస్ ఉంటే శవం లేచి కూర్చున్నట్టుంటుంది నా వాలకం.

థెరపీగది
రాత్రి చదువు కొందరికి తప్పదు, కాదనను. నిద్ర తగ్గితే మాత్రం శబ్దం, వెలుగు మర్నాడు ఇంకా ఎక్కువగా గుచ్చుకుంటాయి. పడుకునే టైమ్ ఏదైనా సరే, రోజూ ఒకటే ఉండేలా చూసుకోండి.

బుజ్జిగాడి_అమ్మ
పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో వస్తున్నా, మా వాడికి పదకొండేళ్లు. వాడిది ఇంకో గోల. "చదువు స్కూల్లో, ఇల్లు ఇంటికి" అంటాడు. రెండూ కలపకూడదు వాడి లెక్కలో. బ్యాగ్ ఇంట్లో తెరిస్తేనే ఏడుపు. స్కూల్లో ఏమో చాలా బుద్ధిమంతుడని టీచర్లు చెప్తారు, ఇంటికొచ్చి గుమ్మం దాటగానే బూట్లు విసిరేస్తాడు. పొద్దుటి నుంచి బిగబట్టుకున్నదంతా ఇంట్లో బయటికొస్తుందని మా థెరపిస్ట్ చెప్పాక నాకు కాస్త మనశ్శాంతి. ఇప్పుడు ఇంటికొచ్చాక చాలాసేపు ఎవరమూ పలకరించం, ప్రశ్నలు అడగం, వాడు దుప్పటి కింద ఉంటాడు. హోమ్‌వర్క్ అసలు హాల్లో కాదు, బాల్కనీలో మడత బల్ల వేస్తాం, అయిపోగానే బల్ల మడిచేస్తాం. బల్ల మడిస్తే స్కూల్ అయిపోయినట్టు.

రైలుపట్టాలు
బల్ల మడిస్తే స్కూల్ బంద్. ఆ బుర్ర మామూలు బుర్ర కాదమ్మా, నాకూ ఒక మడత బల్ల కావాలి

థెరపీగది
బుజ్జిగాడి_అమ్మ గారు, మీరు చేస్తున్నది చాలా బాగుంది. టీచ్ అనే పద్ధతి ఒకటుంది, నార్త్ కరోలినా యూనివర్సిటీలో ఎరిక్ షాప్లర్ మొదలుపెట్టారు, 1972 నుంచి ఆ రాష్ట్రమంతా నడుస్తోంది. అందులో పిల్లవాడికి బల్ల దగ్గర నాలుగు విషయాలు నోటితో చెప్పకుండా కంటికి కనిపించాలి: ఏం పని, ఎంత పని, ఎప్పుడు అయిపోతుంది, అయ్యాక ఏంటి. ఎడమ వైపు ట్రేలో చెయ్యాల్సిన కాగితాలు, కుడి వైపు ట్రేలోకి పూర్తయినవి. ఎడమ ట్రే ఖాళీ అయితే అయిపోయినట్టే.

బుజ్జిగాడి_అమ్మ
ట్రేలు పెట్టాం అండీ! కానీ ట్యూషన్ మాస్టారు ఒకరోజు ఎడమ ట్రే ఖాళీ అయ్యాక "బాగా చేశావు, ఇంకో రెండు చేసెయ్" అని వేశారు. అంతే, వాడు ఆ తర్వాత చాలా రోజులు ట్రే వైపే చూడలేదు. తొందరగా చేస్తే ఎక్కువ పని పడుతుందని వాడికి అర్థమైపోయింది. వాడి తప్పేముంది చెప్పండి.

నీలం_పెన్ను
బుజ్జిగాడికి నా ఓటు. ఆఫీసుల్లో కూడా అదే జరుగుతోంది మరి.

లెక్కల_మాస్టారు
సరే, నేను కాస్త తొందరపడి మాట్లాడినట్టున్నాను అనుకోండి. కానీ ఒక్కటి అడుగుతాను, ఆ పోమోడోరో పద్ధతిని ప్రపంచమంతా వాడుతోంది కదా, 25 నిమిషాలు చదువు, 5 నిమిషాలు విరామం. అది ఎందుకు పడదు?

ఖాళీపేజీ
మొదలవ్వడానికే నాకు 40 నిమిషాలు పడితే 25 దగ్గర గంట కొడతారేంటి మాస్టారూ

మూడోబెంచి
😂😂 కానీ నేను ఇక్కడ ఖాళీపేజీతో పూర్తిగా ఏకీభవించను. నాకు ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవకపోవడం) రెండూ. (2013 దాకా డీఎస్ఎమ్ ప్రకారం ఈ రెండూ ఒకే మనిషికి రాసేవాళ్లే కాదు, ఇప్పుడు రాస్తున్నారు.) నాలో ఒకడు టైమ్ టేబుల్ లేకపోతే చస్తానంటాడు, ఇంకొకడు టైమ్ టేబుల్ చూడగానే పారిపోతాడు. నాకు టైమర్ లేకపోతే పొద్దు గూకిందని కూడా తెలీదు. మోగేది కాదు, ఎరుపు రంగు పళ్లెం మెల్లగా తగ్గుతూ పోయే గడియారం ఉంటుంది కదా, అది. ఎంత టైమ్ మిగిలిందో కనిపిస్తుంది, అరవదు. దాన్ని చదువు ఆపడానికి కాదు, మొదలుపెట్టే ముందు కూర్చునే టైమ్‌కి వాడతా. అంటే "ఈ పది నిమిషాలూ ఏం చెయ్యకపోయినా పర్లేదు, పుస్తకం ముందు ఉంటే చాలు" అని. చాలాసార్లు ఎరుపు అయిపోకముందే చెయ్యి పెన్ను మీదకి వెళ్తుంది.

గుడ్లగూబ
మొదలవ్వకపోవడానికే టైమర్ పెట్టడం... ఇది పనిచేసేలా ఉందే, నచ్చలేదు నాకు

ఊరికే_చదువుతా
ఎప్పుడూ రాయను, ఈసారి ఆగలేక. మా అన్నయ్యకి ఆటిజం. ఇంట్లో వాడికి చదువు పూర్తయితేనే మ్యాపులు ఇస్తారు, లేకపోతే దాచేస్తారు. వాడు మ్యాపులు అంటే ప్రాణం. ఇది మంచిదేనా? నాకు చూడలేకుండా ఉంది.

థెరపీగది
ఊరికే_చదువుతా, మీకు అనిపించింది నిజమే. ఇష్టమైనదాన్ని లాక్కుని బెదిరించడం నేను ఒప్పుకోను, ఈ విషయంలో నా సహోద్యోగులు కొందరితో నాకు గొడవే. మోనోట్రోపిజం అని ఒక సిద్ధాంతం ఉంది, డైనా మర్రే, మైక్ లెస్సర్, వెన్ లాసన్ 2005లో దాని మీద వ్యాసం వేశారు. ఆటిజం ఉన్నవాళ్ల ధ్యాస ఒకేసారి నాలుగు చోట్ల పలచగా పరుచుకోదు, ఒకటీ రెండింటిలోనే లోతుగా దిగుతుందని. ఖాళీపేజీ మొదలవ్వడానికి అంత సేపు పట్టడం, "ఒక్క నిమిషం" పిలుపుతో అంతా కూలడం, దాహం తెలియకపోవడం, ఈ మూడింటినీ ఇది కలిపి చెప్తుంది. మీ అన్నయ్య మనసు తేరుకునే చోటు ఆ మ్యాపులు. అది తీసేస్తే చదువుకి ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది?

లెక్కల_మాస్టారు
అలాగని రోజంతా మ్యాపులే చూస్తుంటే? పరీక్ష మ్యాపుల మీద రాదు కదా.

బుజ్జిగాడి_అమ్మ
మా వాడికి లిఫ్ట్‌లు. నిష్పత్తులు, వేగం, రుణ సంఖ్యలు (సెల్లార్ అంటే మైనస్ ఒకటి!) అన్నీ లిఫ్ట్‌ల మీదే నేర్చుకున్నాడు. తెలుగు వ్యాసం మాత్రం లిఫ్ట్‌లోకి ఎక్కలేదింకా.

ఊరికే_చదువుతా
థాంక్స్, ఈ పోస్ట్ మా నాన్నకి చూపిస్తా. మ్యాపులతో మొదలెట్టి అక్కణ్ణుంచి చదువులోకి దిగితే ఎలా ఉంటుందో అన్నయ్యనే అడుగుతా ముందు, ఇంతవరకూ వాణ్ణి ఎవరూ అడగలేదు.

ఖాళీపేజీ
ఇంకో తలనొప్పి. అసైన్‌మెంట్ ప్రశ్న "మీ అభిప్రాయాన్ని సోదాహరణంగా వివరించండి" అని వస్తుంది. ఎన్ని ఉదాహరణలు? ఎంత పొడవు? పాఠంలోవా, నా సొంతవా? క్లాసులో ఉంటే పక్కవాళ్ల కాగితం చూసైనా అర్థమయ్యేది, ఇంట్లో ఎవర్ని అడగాలి? అక్కడే ఆగిపోతా.

నీలం_పెన్ను
మెయిల్ పెట్టండి, సిగ్గుపడొద్దు. నా దగ్గర రాసి పెట్టుకున్న మెయిల్ ఒకటుంది, ప్రతిసారీ పేరు మార్చి పంపడమే: "ఈ ప్రశ్నకి సుమారు ఎన్ని పేజీలు ఆశిస్తున్నారు, ఎన్ని ఉదాహరణలు కావాలి, గతంలో మంచి మార్కులొచ్చిన జవాబు ఏదైనా చూడొచ్చా." ఆటిజం అని రాయక్కర్లేదు, రాయాలనిపిస్తే రాయొచ్చు. నేనొక కోర్సులో చెప్పాను, మరోదాంట్లో చెప్పలేదు. చెప్పినచోట వీడియో ఆన్ చెయ్యక్కర్లేదన్నారు, అదొక్కటే పెద్ద ఊరట. ముఖం సరిగ్గా పెట్టానా లేదా అని చూసుకుంటూ పాఠం వినడం నావల్ల కాదు.

లెక్కల_మాస్టారు
ఈ విషయంలో టీచర్‌గా చెప్తున్నా, తప్పకుండా అడగండి. ఒకరు అడిగితే నాకే మేలు, ప్రశ్న సరిగ్గా రాయలేదని తెలుస్తుంది. అడగనివాళ్లు ఇరవై మంది తలా ఒక రకంగా రాసి తెస్తారు. పాత జవాబు పత్రం చూపించమని అడగడం నేరమేం కాదు.

గుడ్లగూబ
మాస్టారు మన పార్టీలోకి వచ్చేశారు

ఖాళీపేజీ
మాస్టారూ, థాంక్స్. ఇక మిగిలింది తలుపు. "ఒక్క నిమిషం ఇటు రా" దగ్గర ఏం చెయ్యాలి? అరిస్తే గొడవ, అరవకపోతే చదువు పోతుంది. తలుపు మీద డిస్టర్బ్ చెయ్యొద్దని రాస్తే అమ్మ బాధపడింది.

నీలం_పెన్ను
"రావొద్దు" అని రాస్తే ఎవరికైనా బాధే. ఎప్పుడు రావచ్చో రాయండి. మా ఇంట్లో తలుపు బయట చిన్న పలక, దాని మీద "11:30కి బయటికొస్తా" అని టైమ్ రాస్తాను, ఆ టైమ్‌కి ఖచ్చితంగా వస్తాను. నాలుగైదు సార్లు మాట నిలబెట్టుకున్నాక వాళ్లూ ఆగడం మొదలుపెట్టారు. అంతలోపు ఏదైనా చెప్పాలంటే చీటీ రాసి తలుపు కింద నుంచి తోస్తారు. చీటీ కనిపిస్తే నేను పేజీ అంచు దాకా వెళ్లి అప్పుడు చూస్తాను. మొదట్లో మా నాన్న "ఇదేం ఆఫీసా" అన్నారు, ఇప్పుడు చీటీల మీద జోకులు రాసి పంపిస్తున్నారు, అదింకో డిస్టర్బెన్స్.

రైలుపట్టాలు
సిగ్నల్, ప్లాట్‌ఫాం, టైమింగ్. మీ ఇల్లు నాకు నచ్చింది.

థెరపీగది
దానికి ఒకటి కలుపుతా. చదువు నుంచి లేచి వచ్చేటప్పుడు నీళ్లు, బాత్రూమ్ రెండూ ఆ పలక టైమ్‌కే కట్టెయ్యండి. ఆకలి, దాహం, మూత్రం లాంటి లోపలి సంకేతాలు ఆటిజం ఉన్న చాలామందికి ఆలస్యంగానో, ఒక్కసారిగానో తెలుస్తాయి. "ఎందుకో చిరాగ్గా ఉంది, చదువు ఎక్కట్లేదు" అనిపించేది చాలాసార్లు దాహమే.

గుడ్లగూబ
నిజం. నాకు అస్తిత్వ సంక్షోభం అనుకున్నది ఒకసారి బాత్రూమ్‌కి వెళ్తే తీరిపోయింది

ఖాళీపేజీ
😂 పలక ఉంది ఇంట్లో, రేపే పెడతా. అసలేమీ నడవని రోజులు ఉంటాయి కదా, మాట కూడా రానివి, అప్పుడు?

నీలం_పెన్ను
ఆ రోజు చదవను. దుప్పటి, చీకటి, అంతే. ముందు రోజు జనంలో తిరిగి ఉంటే మర్నాడు అలా అవుతుందని నాకు ఇప్పుడు లెక్క తెలుసు కాబట్టి క్యాలెండర్‌లో ముందే ఖాళీ వదిలేస్తా. పోయిన రోజుని మరుసటి రోజులో కుక్కొద్దు, అది మాత్రం గట్టిగా చెప్తున్నా, రెండు రోజులూ పోతాయి.

లెక్కల_మాస్టారు
పరీక్ష ముందు రోజు అలా అయితే?

నీలం_పెన్ను
అందుకే మాస్టారూ, పరీక్ష ముందు వారం పెళ్లిళ్లకీ పేరంటాలకీ రాను. అందరూ పొగరనుకుంటారు. అనుకోనివ్వండి.

మూడోబెంచి
ఖాళీపేజీ, పక్కన మనిషుంటే మొదలవుతుందని థెరపీగది గారు మొదట్లో అన్నారు చూడు, నేనూ నా ఫ్రెండ్ అది వీడియో కాల్‌లో చేస్తాం. కెమెరా బల్ల వైపు, చేతులు మాత్రం కనిపిస్తాయి, మైక్ ఆఫ్. అవతలివాళ్ల పెన్ను కదులుతుంటే మనదీ కదులుతుంది, ఎందుకో తెలీదు. మొదలుపెట్టేటప్పుడు చాట్‌లో ఒక లైన్ "ఇది చేస్తున్నా" అని టైప్ చేస్తాం, చెప్పకుండా వెళ్లిపోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. రేపు పొద్దున పదింటికి ఉన్నాం, వస్తావా?

ఖాళీపేజీ
ముఖం కనిపించదు, మాట్లాడక్కర్లేదు అంటే వస్తా. లింక్ మెసేజ్‌లో పెట్టు.

గుడ్లగూబ
పదంటే పొద్దున పదా రాత్రి పదా

మూడోబెంచి
పొద్దున. రాత్రి బ్యాచ్ నువ్వే పెట్టుకో గుడ్లగూబా, చేరేవాళ్లు చాలామందే ఉంటారు.

రైలుపట్టాలు
చేరగానే హాయ్ చెప్పాలా?

మూడోబెంచి
అక్కర్లేదు.

రైలుపట్టాలు
అయితే నేనూ వస్తా.